సర్దుబాటు అరల పారామెట్రిక్ రూపకల్పన

సర్దుబాటు అరల పారామెట్రిక్ రూపకల్పన అనగా, ఎత్తు మార్చుకొనుటకు వీలున్న అరలు గల బీరువా లేదా అలమరను కంప్యూటరులో కొలతల సంబంధాల ఆధారంగా గీయు పద్ధతి. ఇందులో ప్రతి కొలతకూ ఒక పేరు ఉంటుంది. ఆ పేర్లను సూత్రాలతో ముడిపెడతారు. బీరువా ఎత్తు లేదా వెడల్పు మార్చినపుడు రంధ్రాల సంఖ్య, అరల పొడవు, వాటి స్థానాలు వాటంతట అవే మారతాయి. అర పలక నిలువు పలకతో కలిసే చోటును కంప్యూటరు గుర్తించుటకు ఉపయోగించే బిందువును లేదా అక్షాన్ని సంధి ఆధారం అంటారు. ఆంగ్లంలో దీనిని జాయింట్ రిఫరెన్స్ అని వ్యవహరిస్తారు. ఈ ఆధారాలను రంధ్రాల వరుసతో పాటు ఎలా పునరావృతం చేయాలన్నది ఈ రూపకల్పనలో ముఖ్యమైన సమస్య. అది సరిగా లేనిచో తెర మీద బొమ్మ బాగానే కనిపించినా, తయారైన బీరువాలో అరలు ఒక వైపునకు వాలతాయి, లేదా వాటిని నిలుపుటకు రంధ్రమే ఉండదు.

అవసరం

ఆంధ్ర ప్రదేశ్‌లోని పామూరు, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల పాత ఇళ్ళలో వస్తువులు పెట్టుకొనుటకు మందపాటి గోడలలో గూళ్ళు కట్టేవారు. తరువాతి కాలపు ఇళ్ళలో గోడలోనికి కడప బండలను దిగగొట్టి అరలుగా వాడటం సాధారణమైనది. పలకల పరిశ్రమకు పేరు పొందిన మార్కాపురం ప్రాంతంలోనూ, పొరుగున ఉన్న కడప, కర్నూలు ప్రాంతాలలోనూ పొరలుగా చీలే రాయి దొరుకుట వలన ఈ పద్ధతి చవకైనది, మన్నికైనది. అయితే బండను ఒకసారి గోడలో బిగించిన తరువాత దాని ఎత్తు మార్చుటకు వీలు లేదు. బియ్యపు డబ్బాకు సరిపోయే అరలో చిన్న సీసాలు పెడితే పైన చాలా చోటు వృథా అవుతుంది.

గ్రంథాలయాలలో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. క్రౌన్ సైజు పుస్తకం ఎత్తు సుమారు 18 సెం.మీ., డెమీ సైజు పుస్తకం ఎత్తు సుమారు 21.5 సెం.మీ. కాగా, బైండు చేసిన దినపత్రికల సంపుటాలు వీటికి రెట్టింపు కంటె ఎక్కువ ఎత్తు ఉంటాయి. 1918లో స్థాపించబడిన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికల సేకరణకు ప్రసిద్ధి చెందినది. ఇటువంటి గ్రంథాలయాలలో పుస్తకాలూ, పత్రికల సంపుటాలూ ఒకే కప్పు క్రింద ఉంటాయి. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్.రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రాలలో చివరిది గ్రంథాలయపు నిరంతర వృద్ధికి సంబంధించినది. సేకరణ పెరిగే కొద్దీ అరల అమరిక మారవలసి ఉంటుంది కనుక, స్థిరమైన అరల కంటె సర్దుబాటు అరలు అనుకూలమైనవి.

చరిత్ర

పెద్ద గ్రంథాలయాలలో లోహపు చట్రాలపై అమర్చే అరలు 19వ శతాబ్దపు చివరి భాగంలో వ్యాప్తిలోనికి వచ్చాయి. 1897లో ప్రారంభమైన అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భవనంలో బెర్నార్డ్ గ్రీన్ రూపొందించిన ఇనుప అరల వ్యవస్థ వీటిలో పేరు పొందినది.

చెక్క సామాను విషయంలో, రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఐరోపాలో 32 మి.మీ. పద్ధతి రూపొందినది. దీని ప్రకారం నిలువు పలకలో 5 మి.మీ. వ్యాసం గల రంధ్రాలను 32 మి.మీ.ల దూరంలో వరుసగా వేస్తారు. ముందు వరుస పలక అంచు నుండి 37 మి.మీ. లోపలికి ఉంటుంది. ఒకేసారి అనేక రంధ్రాలు వేయు యంత్రాలలో ప్రక్కప్రక్కన ఉండే తిరుగుడు కడ్డీల మధ్య దూరం 32 మి.మీ. ఉండుట వలన ఈ కొలత స్థిరపడినది. కీళ్ళు, సొరుగు పట్టాలు తయారు చేయువారు కూడా దీనినే అనుసరించుట వలన ఇది ప్రపంచమంతటా వ్యాపించినది.

కొలతల మధ్య సంబంధాలను కంప్యూటరుకు తెలియజేసి బొమ్మ గీయు ఆలోచన 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఐవాన్ సదర్లాండ్ రూపొందించిన స్కెచ్‌ప్యాడ్‌లో కనిపిస్తుంది. 1985లో శామ్యూల్ గైస్‌బర్గ్ స్థాపించిన పారామెట్రిక్ టెక్నాలజీ కార్పొరేషన్ 1980ల చివరి భాగంలో ప్రో/ఇంజనీర్‌ను విడుదల చేసి, ఈ పద్ధతిని పరిశ్రమలకు అందించినది. 1995లో సాలిడ్‌వర్క్స్ వచ్చినది. ఉచితంగా లభించే ఫ్రీక్యాడ్ 2002లో మొదలై, 2024 నవంబరులో 1.0 సంచికకు చేరినది.

పరామితులు

ఒక పుస్తకాల బీరువాను ఉదాహరణగా తీసుకొనవచ్చును. దానిని గీయుటకు ముందు ఈ క్రింది పరామితులను నిర్ణయించాలి. వీటిలో కొన్ని నేరుగా ఇచ్చేవి, మిగిలినవి సూత్రం ద్వారా వచ్చేవి.

* బీరువా ఎత్తు: 1800 మి.మీ.
* బీరువా వెడల్పు: 900 మి.మీ.
* పలక మందం: 18 మి.మీ.
* మొదటి రంధ్రం ఎత్తు (అడుగు నుండి): 200 మి.మీ.
* పైన కనీసం వదలవలసిన దూరం: 200 మి.మీ.
* రంధ్రాల మధ్య దూరం: 32 మి.మీ.
* అర పొడవు: వెడల్పు నుండి రెండు పలకల మందాన్ని, 2 మి.మీ. ఖాళీని తీసివేయగా వచ్చేది. అనగా 900 - 36 - 2 = 862 మి.మీ.

ఒక వరుసలోని రంధ్రాల సంఖ్యను కూడా సూత్రం ద్వారానే రాబట్టాలి. ఎత్తు నుండి పైన, క్రింద వదలిన దూరాలను తీసివేస్తే 1400 మి.మీ. మిగులుతుంది. దీనిని 32తో భాగిస్తే 43.75 వస్తుంది. భిన్నాన్ని విడిచి పూర్ణాంకాన్ని మాత్రమే తీసుకొని ఒకటి కలిపితే 44 రంధ్రాలు వస్తాయి. ఇక్కడ 43.75ను 44గా సవరించరాదు. అట్లు చేసినచో రంధ్రాలు 45 అయి, చివరి రంధ్రం పైన వదలవలసిన చోటులోనికి జరుగుతుంది. ఒక్కొక్క నిలువు పలకకు ముందు, వెనుక రెండేసి వరుసల చొప్పున ఈ బీరువాలో మొత్తం 176 రంధ్రాలు ఉంటాయి.

రంధ్రాలను సున్నా నుండి లెక్కించుట సౌకర్యంగా ఉంటుంది. అపుడు ఏ రంధ్రం ఎత్తయినా 200 + (సంఖ్య × 32) అవుతుంది. మొదటి రంధ్రం సంఖ్య 0, ఎత్తు 200 మి.మీ.; చివరి రంధ్రం సంఖ్య 43, ఎత్తు 1576 మి.మీ.

అరల మధ్య దూరాన్ని కూడా మెట్లలో చెప్పవచ్చును. ఏడు మెట్లు అనగా 224 మి.మీ.; అర మందం పోగా 206 మి.మీ. ఖాళీ మిగులుతుంది. ఇది క్రౌన్ సైజు పుస్తకాలకు సరిపోతుంది. డెమీ సైజుకు ఎనిమిది మెట్లు కావాలి. అపుడు 256 నుండి 18 పోగా 238 మి.మీ. ఖాళీ ఉంటుంది. ఆరు మెట్లలో 174 మి.మీ. ఖాళీ మాత్రమే ఉండుట వలన క్రౌన్ పుస్తకం కూడా పట్టదు.

సంధి ఆధారం

కంప్యూటరులో గీసిన ప్రతి విడి భాగానికీ ఆరు రకాల కదలికలు ఉంటాయి: మూడు దిశలలో జరుగుట, మూడు అక్షాల చుట్టూ తిరుగుట. రెండు భాగాలను సంధితో కలిపినపుడు వీటిలో కొన్ని లేదా అన్నీ ఆగిపోతాయి. సంధి ఏర్పరచుటకు రెండు భాగాల మీదా ఒక్కొక్క ఆధారం కావాలి. అర విషయంలో ఒక ఆధారం అర పలక అడుగు భాగాన, రెండవది నిలువు పలక మీద ఉంటుంది.

రంధ్రపు కేంద్రం, అర ఆనే చోటు ఒకటి కావు. 5 మి.మీ. గుండ్రటి చీల మీద అర ఆనినపుడు, దాని అడుగు భాగం రంధ్ర కేంద్రం కంటె 2.5 మి.మీ. పైన ఉంటుంది. రేకు వంటి తల గల చీలలలో ఈ తేడా వేరుగా ఉంటుంది. కనుక దీనిని కూడా ఒక పరామితిగా ఉంచుట మంచిది.

జారుడు సంధిని ఉపయోగిస్తే అర పైకీ క్రిందికీ ఎక్కడికైనా జరుగుతుంది. ఇది చూచుటకు బాగుంటుంది కాని వాస్తవానికి విరుద్ధం. నిజమైన అర రంధ్రం ఉన్న చోటనే నిలుస్తుంది. అందుచేత అర స్థానాన్ని మిల్లీమీటర్లలో కాక రంధ్రపు సంఖ్యగా ఇచ్చుట సరైన పద్ధతి.

మూడు పద్ధతులు

సంధి ఆధారాలను రంధ్రాల వరుసతో కలుపుటకు మూడు మార్గాలు ఉన్నాయి.

1. రంధ్రపు అంచును నేరుగా ఎన్నుకొనుట. అర ఎక్కడ కావాలో ఆ రంధ్రపు వలయాన్ని మౌసుతో ఎన్నుకొని సంధి చేస్తారు. ఇది అన్నిటికంటె సులభం. కాని ఆ వలయానికి కంప్యూటరు తనంతట తాను ఒక పేరు పెట్టుకుంటుంది. ఎత్తు తగ్గించి రంధ్రాల సంఖ్య మారినపుడు ఆ పేరు గల వలయం మాయం కావచ్చును, లేదా అదే పేరు వేరొక వలయానికి దక్కవచ్చును. దీనిని టోపోలాజికల్ నేమింగ్ సమస్య అంటారు. ఫ్రీక్యాడ్ పాత సంచికలలో ఇది తరచుగా ఎదురయ్యేది. 1.0 సంచికలో దీనిని చాలా వరకు తగ్గించారు.

2. ఒకే మూల ఆధారం, సూత్రం. వరుసలోని మొదటి రంధ్రం వద్ద, లేదా అది గీయబడిన మూల చిత్రంలో, ఒకే ఒక ఆధారాన్ని ఉంచుతారు. ప్రతి అరకూ ఆ ఆధారం నుండి (సంఖ్య × 32) దూరం ఇస్తారు. మొదటి రంధ్రం ఎన్నటికీ తొలగిపోదు కనుక ఈ సంధి తెగిపోదు.

3. ఆధారాలను కూడా ఆవృత్తి చేయుట. రంధ్రాన్ని, దాని ఆధారాన్ని కలిపి ఒకే ప్యాటర్న్‌గా పునరావృతం చేస్తారు. అపుడు ప్రతి రంధ్రానికీ తనదైన ఆధారం ఉంటుంది. ఇది చూచుటకు సహజంగా ఉన్నా, కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆధారాలను ఆవృత్తి చేయుటకు అంగీకరించవు. అంగీకరించిన చోట కూడా సంఖ్య తగ్గినపుడు చివరి ఆధారాలు తొలగి, వాటి మీద నిలిచిన అరలు విడిపోతాయి.

తెలియకుండా జరిగే దోషం

రెండవ పద్ధతి ఎక్కువగా సిఫారసు చేయదగినదైనా, అందులో ఒక ప్రమాదం ఉన్నది. పైన చెప్పిన బీరువాలో క్రౌన్ పుస్తకాల కొరకు 0, 7, 14, 21, 28, 35, 42 సంఖ్యల వద్ద ఏడు అరలు అమర్చినట్లు భావించాలి. ఇపుడు కిటికీ అడ్డు వచ్చినదని బీరువా ఎత్తును 1500 మి.మీ.కు తగ్గించారనుకుంటే, రంధ్రాలు 35 మాత్రమే ఉంటాయి. చివరి దాని సంఖ్య 34, ఎత్తు 1288 మి.మీ.

మొదటి, మూడవ పద్ధతులలో ఆధారం కోల్పోయిన అరలను సాఫ్ట్‌వేరు సాధారణంగా దోషంగా చూపుతుంది. రెండవ పద్ధతిలో ఏ హెచ్చరికా రాదు. సూత్రం ప్రకారం 35వ సంఖ్య అర 1320 మి.మీ. ఎత్తున, రంధ్రం లేని చోట నిలుస్తుంది. 42వ సంఖ్య అర 1544 మి.మీ. వద్ద, అనగా బీరువా పై కప్పు కంటె పైన, గాలిలో తేలుతుంది. రెండవది కంటికి వెంటనే కనిపిస్తుంది. మొదటిది కనిపించదు. చెక్క కోసి, రంధ్రాలు వేసిన తరువాతనే ఆ అరకు ఆధారం లేదని తెలుస్తుంది.

దీనికి విరుగుడుగా సంఖ్య 34 దాటకుండా సూత్రంలోనే పరిమితి పెట్టుట కొందరి అలవాటు. అది కూడా సంపూర్ణ పరిష్కారం కాదు. అట్లు చేస్తే 35, 42 సంఖ్యల అరలు రెండూ 34 వద్దకే వచ్చి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పైగా 28కి 34కి మధ్య ఆరు మెట్లే ఉండుట వలన అక్కడ పుస్తకాలు పట్టవు. కనుక పరిమితి దాటినపుడు నిశ్శబ్దంగా సవరించుట కంటె, దోషమని తెలియజేసే పరీక్షను ఉంచుట మేలు. ఈ ఉదాహరణలో సరైన పరిష్కారం పై రెండు అరలను తొలగించి ఐదు అరలు ఉంచుట. అపుడు పై అర మీద సుమారు 36 సెం.మీ. ఖాళీ మిగిలి పెద్ద పుస్తకాలకు పనికివస్తుంది.

నాలుగు చీలలు ఒకే మట్టంలో ఉండుట

ప్రతి అర నాలుగు చీలల మీద నిలుస్తుంది. నాలుగూ ఒకే మట్టంలో ఉండాలి. ఇందుకు నాలుగు వరుసలనూ ఒకే అంచు నుండి కొలవాలి. ఎడమ పలక రంధ్రాలను అడుగు నుండి, కుడి పలక రంధ్రాలను పై అంచు నుండి కొలిచినచో దోషం కలుగుతుంది.

ఆ దోషం అన్ని ఎత్తులలోనూ బయటపడదు. బీరువా ఎత్తు 1808 మి.మీ. అయితే, పైన, క్రింద 200 చొప్పున పోగా మిగిలిన 1408ని 32 నిశ్శేషంగా భాగిస్తుంది. కావున రెండు వైపులా రంధ్రాలు ఒకే మట్టంలో పడతాయి. ఎత్తును 1800గా మార్చగానే కుడి వైపు రంధ్రాలు 8 మి.మీ. క్రిందికి దిగి, ప్రతి అరా ఆ మేరకు వాలుతుంది. ఒక కొలతకు సరిగా వచ్చిన నమూనా అన్ని కొలతలకూ సరిగా వస్తుందని భావించరాదనుటకు ఇది మంచి ఉదాహరణ. నమూనా పూర్తయిన తరువాత ఎత్తును మూడు నాలుగు విధాలుగా, ముఖ్యంగా 32తో నిశ్శేషంగా భాగింపబడని కొలతలతో మార్చి చూడాలి.

రెండవ పలకను విడిగా గీయక, మొదటి దానికి ప్రతిబింబంగా తీసుకొనుట ఈ దోషాన్ని మొదటే నివారిస్తుంది.

అర వంగుట

వెడల్పును పరామితిగా మార్చుట సులభమైనందున అరను ఎంత పొడవుగానైనా చేయవచ్చునన్న భ్రమ కలుగుతుంది. బరువు అంతటా సమానంగా పరచిన అర మధ్యలో వంగే దూరం, పొడవు నాలుగవ ఘాతంతో పెరుగుతుంది. అనగా మీటరుకు అదే బరువుతో పొడవు రెట్టింపైతే వంపు 16 రెట్లవుతుంది. మందం రెట్టింపైతే వంపు ఎనిమిదవ వంతు అవుతుంది.

18 మి.మీ. మందం, 280 మి.మీ. లోతు గల పార్టికల్ బోర్డు అర మీద మీటరుకు 35 కిలోల పుస్తకాలు ఉన్నాయనుకొని, బోర్డు స్థితిస్థాపక గుణకాన్ని 2500 మెగాపాస్కల్స్‌గా తీసుకొని లెక్కిస్తే, 862 మి.మీ. అర సుమారు 7 మి.మీ. వంగుతుంది. బీరువా వెడల్పును 600 మి.మీ.కు తగ్గిస్తే అర 562 మి.మీ. అయి, వంపు 1.3 మి.మీ.కు పడిపోతుంది. బరువు ఏళ్ళ తరబడి ఉంటే పార్టికల్ బోర్డు ఇంకా వంగుతుంది. కనుక పరామితుల పట్టికలో అర పొడవుకు గరిష్ఠ పరిమితిని చేర్చి, అది దాటినచో మధ్యలో మరొక నిలువు పలక వచ్చేలా చేయుట ఉచితం.

పై ఉదాహరణలో 862 మి.మీ. అర మీద పుస్తకాల బరువు సుమారు 30 కిలోలు, అర బరువు సుమారు 3 కిలోలు. ఒక్కొక్క చీల మీద 8 కిలోలకు పైగా పడుతుంది. ఒక చీల మట్టం తప్పితే బరువు సమానంగా పంచబడక అర ఊగుతుంది.

వడ్రంగి పనిలో

కంప్యూటరు లేకుండా పని చేసే వడ్రంగులు ఇదే సూత్రాన్ని ఫర్మాతో సాధిస్తారు. సన్నని ప్లైవుడ్ పట్టీలో సమాన దూరంలో రంధ్రాలు వేసి, దానిని నిలువు పలక మీద బిగించి, ఆ రంధ్రాల గుండా బరమాతో తొలుస్తారు. ఫర్మా అయిపోయిన చోట, దాని మొదటి రంధ్రంలో ఒక చీల దూర్చి, పలకలో చివరగా వేసిన రంధ్రంలో దానిని నిలిపి, మరల కొనసాగిస్తారు. ఇక్కడ ఫర్మా ఆవృత్తికి, దాని అడుగు అంచు మూల ఆధారానికి సమానం. ఫర్మా అడుగు వైపున గుర్తు పెట్టకపోతే, రెండవ పలకకు దానిని తలక్రిందులుగా వాడే అవకాశం ఉన్నది. అపుడు కలిగేది పైన చెప్పిన వాలు దోషమే.

వివిధ సాఫ్ట్‌వేర్లలో

ఆటోడెస్క్ ఫ్యూజన్‌లో సంధి ఆధారాన్ని జాయింట్ ఆరిజిన్ అనీ, ఆన్‌షేప్‌లో మేట్ కనెక్టర్ అనీ అంటారు. సాలిడ్‌వర్క్స్‌లో ఒక భాగంలోని రంధ్రాల ఆవృత్తిని అనుసరించి చీలలను కూడా ఆవృత్తి చేయు సౌకర్యం ఉన్నది. ఫ్రీక్యాడ్‌లో పరామితులను స్ప్రెడ్‌షీటులో వ్రాసి, గీత కొలతలకు వాటిని జతచేయవచ్చును. ఇది ఉచితం కావుట వలన విద్యార్థులకు అనుకూలమైనది.

పరిమితులు

ఒకటి రెండు అరలు గల చిన్న పెట్టెకు ఈ పద్ధతి అనవసరపు శ్రమ. గోడ కొలతలు ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క విధంగా ఉండి, అదే బీరువాను వేర్వేరు కొలతలలో పలుమార్లు చేయవలసి వచ్చినపుడు దీని ప్రయోజనం తెలుస్తుంది. అలాగే నమూనాలోని గోడలు నిటారుగా, నేల సమంగా ఉంటాయి. పాత ఇళ్ళలో అట్లుండవు. కనుక తయారీకి ముందు గోడను అడుగున, మధ్యన, పైన కొలిచి, వాటిలో తక్కువ కొలతనే పరామితిగా ఇవ్వాలి.